లండన్ వరసిళ్లు: గోడకు ఒక చట్టం, కాపురానికి ఇంకొకటి

టెర్రస్ అంటే మనకు డాబా. వడియాలు ఎండబెట్టుకుంటాం, ఎండాకాలం రాత్రుళ్లు పక్కలు వేసుకుంటాం. లండన్ వెళ్లిన అబ్బాయి ఫోన్ చేసి "టెర్రస్ హౌస్‌లో రూమ్ దొరికిందమ్మా" అంటే వాళ్లమ్మ మేడ మీద గదే అనుకుంటుంది. ఆ ఊళ్లో ఆ మాటకు అర్థం వేరు. ఇల్లూ ఇల్లూ ఆనుకుని, మధ్యలో ఉమ్మడి గోడతో, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే పోలికతో కట్టుకుంటూ పోయిన ఇళ్ల వరస అది. మన అగ్రహారాల్లోనూ ఇలాగే గోడకు గోడ కలిపి కట్టేవారు. లండన్ వరసిళ్లలో చాలా భాగం విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837-1901 మధ్య లేచినవి.

ఈ ఇళ్ల ప్రస్తావన మనవాళ్ల మధ్య రెండు రకాలుగా వస్తుంది. మొదటిది అద్దె గదుల గొడవ. "ఇంట్లో నలుగురుంటే ఒక రూలు, ఏడుగురుంటే ఇంకో రూలు అంటున్నారు, ఇదేంటి?" అని విద్యార్థులు అడుగుతుంటారు. రెండోది అంబేడ్కర్ ఇల్లు. ఆయన చదువుకునే రోజుల్లో ఉన్న ఇంటిని స్మారకంగా మారిస్తే అక్కడి కౌన్సిల్ (స్థానిక సంస్థ) ఎందుకు కాదన్నదని ఇక్కడ చాలామంది బాధపడ్డారు. ఈ రెండు ప్రశ్నల చిక్కూ ఒకటే. పాత ఇంటిని కాపాడే చట్టం వేరు, ఆ ఇంటిని దేనికి వాడుకోవచ్చో చెప్పే చట్టం వేరు. రెండూ ఒకటే అనుకుంటే ఏదీ అర్థం కాదు.

ఇల్లు నిలువుగా ఎందుకు ఉంది

విక్టోరియా గద్దెనెక్కిన నాటికి లండన్ జనాభా సుమారు 20 లక్షలు. ఆమె పోయేనాటికి శివార్లు కలుపుకుని దాదాపు 65 లక్షలు. అంతమందికీ ఇళ్లు కట్టింది ప్రభుత్వం కాదు, చిన్న చిన్న మేస్త్రీ కాంట్రాక్టర్లు. భూమి జమీందారులదో, చర్చిదో, పెద్ద విద్యాసంస్థదో. ఉదాహరణకు ఉత్తర లండన్‌లోని ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గరి భూములు ఈటన్ కాలేజీవి. ఆ కాలేజీని పెట్టింది ఆరో హెన్రీ రాజు కాబట్టి అక్కడొక వీధికి కింగ్ హెన్రీస్ రోడ్ అని పేరు. ఈ వీధి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం.

కాంట్రాక్టరు భూమిని కొనడు. సాధారణంగా 99 ఏళ్ల లీజుకు తీసుకుంటాడు. భూమి యజమాని వీధి ముఖం ఎలా ఉండాలో ముందే షరతు పెడతాడు. వీధి వైపు జాగా ఖరీదైనది కాబట్టి ఒక్కో ఇంటికి ఐదారు మీటర్ల వెడల్పే దక్కుతుంది. అందుకని ఇల్లు పైకి పెరిగింది. కలిగినవాళ్ల ఇల్లయితే నేలకు దిగువన వంటిల్లు, వీధి అంతస్తులో భోజనాల గది, దాని పైన అతిథులు కూర్చునే పెద్ద హాలు, ఇంకా పైన పడక గదులు, కప్పు కింద పనివాళ్ల గదులు. బొగ్గు బండి వీధిలో ఆగి, కాలిబాటలో ఉన్న గుండ్రటి ఇనుప మూత తీసి బొగ్గును కింద కొట్లోకి పోసేది. ఆ మూతలు ఇప్పటికీ లండన్ కాలిబాటల్లో కాళ్ల కింద తగులుతుంటాయి.

అంతస్తుకు ముందొక గది, వెనకొక గది. ఒక పక్క గోడ వెంబడి మెట్లు. తర్వాత జరిగిన మార్పులన్నిటికీ వీలు కల్పించింది ఈ మెట్లే. ఏ అంతస్తుకైనా మరో అంతస్తులోని గదులు దాటకుండా వెళ్లొచ్చు. ఒక్కో మలుపు దగ్గర ఒక తలుపు బిగిస్తే చాలు, ఒక ఇల్లు నాలుగు వాటాలు అవుతుంది. పనివాళ్లు ఉన్నంత కాలం ఇది ఒక కుటుంబం ఇల్లు. పనివాళ్లు కరువయ్యాక, నీళ్ల బకెట్టూ బొగ్గు తట్టా నాలుగు అంతస్తులు మోసేవాళ్లు లేనప్పుడు, అదే ఇల్లు భారమైంది. అప్పుడు ఆ మెట్లు ఇంకో పనికొచ్చాయి.

గదికొక కుటుంబం నుంచి మళ్లీ ఇంటికొక కుటుంబం దాకా

నిజానికి గది అద్దెకివ్వడం మొదట్నుంచీ ఉంది. 1888లో లా చదవడానికి వచ్చిన గాంధీ వెస్ట్ కెన్సింగ్టన్‌లోని 20 బేరన్స్ కోర్ట్ రోడ్‌లో అద్దెకున్నారు. "ఇది పుట్టుకతోనే ఒక కుటుంబం ఇల్లు" అనే వాదన విన్నప్పుడల్లా నాకు ఇలాంటి అద్దె గదులే గుర్తొస్తాయి. కొన్ని వీధుల్లో ఉద్దేశించిన కుటుంబాలు అసలు రానే లేదు. ఊరి సంపన్నులు మరో వైపు మళ్లడంతో కట్టిన కొన్నేళ్లకే గదులుగా చీలిపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ చీలిక పరాకాష్ఠకు చేరింది. బాంబులకు ఇళ్లు కూలాయి, కొత్త ఇళ్లు చాలలేదు. 1948 తర్వాత కరీబియన్ దీవుల నుంచి పనికి వచ్చిన నల్లజాతివారికి గది ఇచ్చేవాళ్లే తక్కువ. నాటింగ్ హిల్‌లో పీటర్ రాక్‌మన్ అనే ఇళ్ల యజమాని పేరు, అద్దెదారులను పీడించడానికి మారుపేరుగా, నిఘంటువుల్లోకి ఎక్కింది అప్పుడే. దానికి కారణం అతని స్వభావం ఒక్కటే కాదు, చట్టంలో ఉన్న ఒక మెలిక కూడా. 1957 అద్దె చట్టం ప్రకారం పాత అద్దెదారు ఉన్నంత కాలం పాత తక్కువ అద్దే. అతను ఖాళీ చేస్తే, కొత్తగా వచ్చేవాళ్ల దగ్గర ఎంతైనా వసూలు చేసుకోవచ్చు. అంటే పాతవాళ్లను వెళ్లగొడితే లాభం అని చట్టమే యజమానికి చెప్పినట్టయింది. బెదిరింపులతో ఖాళీ చేయించి, వేరే దిక్కులేని వలసదారులను కిక్కిరిసేలా నింపడం అలా సాగింది. మరెవరూ ఇల్లివ్వనప్పుడు ఇచ్చింది అతనే అని ఆ అద్దెదారుల్లో కొందరు తర్వాత చెప్పడమూ నిజమే. 1965లో కొత్త చట్టం అద్దెదారులకు తిరిగి రక్షణ ఇచ్చింది.

దాదాపు అదే సమయంలో గాలి ఎదురు తిరిగింది. కొంత చదువు, కొంత డబ్బు ఉన్న యువ దంపతులు ఇస్లింగ్టన్ లాంటి చోట్ల శిథిలమైన ఇళ్లు చౌకగా కొని బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. తలుపుల మీద కొట్టిన చెక్క రేకులు ఊడబీకితే కింద పాత చెక్కడపు పలకలు బయటపడేవి. మూసేసిన నెగడు గూళ్లు తెరిచారు. ఇళ్లు అందంగా తేరుకున్నాయి, వాటితోపాటే అద్దెకున్న పేదలు ఆ వీధులు వదిలారు. 1964లో సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ ఈ ప్రక్రియకు జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టారు. ఈ రోజు ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట పుట్టింది ఈ వరసిళ్ల మధ్యనే.

వారసత్వ రక్షణ దేన్ని కాపాడుతుంది

పాత ఇల్లు కనబడగానే "హెరిటేజ్ బిల్డింగ్" అనేస్తాం. ఇంగ్లండ్ చట్టంలో ఆ మాట వెనక రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి.

ఒకటి లిస్టింగ్. ఒక్కో భవనాన్ని దాని విలువను బట్టి జాతీయ జాబితాలో చేర్చడం. జాబితాకెక్కిన ఇంటికి లోపలా బయటా రక్షణే. మెట్లు, కప్పు మీది సున్నపు పని, తలుపులు దేని మీద చేయి వేసినా, ఇంటి విశిష్టత దెబ్బతినేలా ఉంటే అనుమతి కావాలి. కానీ 1850 తర్వాత కట్టిన ఇళ్లు లక్షల్లో ఉన్నాయి కాబట్టి వాటి ఎంపికలో గీత కఠినంగా ఉంటుంది. మామూలు విక్టోరియన్ వరసిల్లు చాలావరకు జాబితాలో ఉండదు.

రెండోది కన్సర్వేషన్ ఏరియా. 1967 చట్టంతో వచ్చింది. ఇక్కడ రక్షణ ఒక ఇంటికి కాదు, పేటకు. కూల్చాలన్నా, వీధి రూపు మార్చాలన్నా కౌన్సిల్ అడ్డుపడగలదు. లోపలి గదులు మాత్రం దాని పరిధిలోకి రావు. జాబితాలో లేని ఇంట్లో మెట్లు సహా లోపలంతా ఊడదీసి, వీధి ముఖం ఒక్కటి నిలబెట్టినా ఈ నియమం ఏమీ అనలేదు. నిలువుగా తోసే పాత కిటికీకి బదులు ప్లాస్టిక్ కిటికీ పెడితే మాత్రం కొన్ని వీధుల్లో నోటీసు వస్తుంది.

చలి విషయంలో ఈ రక్షణ బరువు తెలుస్తుంది. ఈ ఇళ్ల గోడలు మధ్యలో ఖాళీ లేని దిట్టమైన ఇటుక గోడలు, వేడి నిలవదు. బయట నుంచి పొర వేస్తే వీధి ముఖం పోతుంది, లోపల నుంచి వేస్తే గది కుంచించుకుపోతుంది.

గమనించాల్సింది ఒకటుంది. లిస్టింగ్ గానీ కన్సర్వేషన్ ఏరియా గానీ ఇంట్లో ఎవరుండాలో చెప్పవు. ప్రముఖులున్న ఇంటి గోడకు బిగించే నీలి ఫలకమైతే అసలు ఏ రక్షణా ఇవ్వదు. ఫలానావారు ఇక్కడ ఉండేవారని చెబుతుంది, అంతే.

వాడకాన్ని నిర్ణయించే చట్టం: ఈస్ట్‌హామ్‌లో ఒక ఇంటి లెక్క

వాడకాన్ని చూసేది టౌన్ ప్లానింగ్ చట్టం. భవనాలను వాడుకను బట్టి తరగతులుగా విడగొట్టారు. సీ3 అంటే కుటుంబ నివాసం. సీ4 అంటే బంధుత్వం లేని ముగ్గురి నుంచి ఆరుగురి దాకా వంటిల్లో స్నానాల గదో పంచుకుని ఉండే ఇల్లు. ఇలాంటి పంచుకునే ఇళ్లను హెచ్ఎంఓ అంటారు. ఆరుగురు దాటితే ఏ తరగతిలోకీ రాని ప్రత్యేక వాడకం. మ్యూజియం మరో తరగతి.

ఉదాహరణకు తూర్పు లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ పరిధిలో ఈస్ట్‌హామ్ తీసుకుందాం. తెలుగు విద్యార్థులు ఎక్కువగా దిగే పేట. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో కట్టిన రెండంతస్తుల వరసిళ్లు వీధుల నిండా ఉన్నాయి. లెక్క కోసం ఒక ఇంటిని ఊహించుకోండి. పైన మూడు పడక గదులు, కింద వీధి గది, వెనక గది, వంటిల్లు.

ఆ ఇంట్లో తల్లిదండ్రులు, ముగ్గురు పిల్లలు, నాయనమ్మ, బాబాయి కలిసి ఏడుగురున్నారు. ఇది సీ3. చట్టం దృష్టిలో ఒకే కుటుంబం.

వాళ్లు ఖాళీ చేశాక గుంటూరు నుంచి వచ్చిన నలుగురు స్నేహితులు దిగారు. ఒకే కుక్కర్‌లో అన్నం వండుకుంటారు, ఒకే ఆవకాయ జాడీ. అయినా బంధుత్వం లేదు కాబట్టి ఇది సీ4. సీ3 నుంచి సీ4కు మారడానికి ఇంగ్లండ్‌లో మామూలుగా అనుమతి అక్కర్లేదు. అయితే ఆర్టికల్ 4 ఆదేశం ఉన్న చోట కావాలి. మన రాజ్యాంగంలోని ఆర్టికల్ లాంటిది కాదిది. "మా పేటలో ఈ మినహాయింపు చెల్లదు" అని కౌన్సిల్ ఇచ్చుకునే ఆదేశం. న్యూహామ్‌లో అది ఉంది. ఈ ఆదేశంతోనే కొన్ని సంపన్న పేటలు పాత కిటికీలను కాపాడుకుంటాయి, ఇక్కడ కుటుంబాల ఇళ్లను కాపాడుకుంటున్నారు.

ఐదో స్నేహితుడు చేరాడు. ఇప్పుడు ప్లానింగ్ కాకుండా ఇంకో చట్టం వచ్చింది: లైసెన్స్. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది పంచుకునే ఇంటికి యజమాని లైసెన్స్ తీసుకోవాలి. లైసెన్స్ లేకపోతే నేరం యజమానిదే గానీ అద్దెకున్న విద్యార్థులది కాదు. 2018 అక్టోబరు నుంచి ఇలాంటి ఇంట్లో పడక గది ఒక్కరికైతే కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికైతే 10.22 ఉండాలి. మన లెక్కలో సుమారు 70, 110 చదరపు అడుగులు. దీనికి తోడు న్యూహామ్ 2013లో తన పరిధిలో దాదాపు అద్దె ఇళ్లన్నిటికీ లైసెన్స్ పెట్టింది, ఇంగ్లండ్‌లో అంత విస్తారంగా పెట్టిన మొదటి కౌన్సిల్ అదే.

ఏడో మనిషి వచ్చాడు. ఇప్పుడు ఆర్టికల్ 4 ఉన్నా లేకున్నా ప్లానింగ్ అనుమతి తప్పదు.

గోడ ఒకటే, గదులు ఒకటే, తల లెక్క కూడా ఒకటే. కుటుంబమైన ఏడుగురికి అడ్డు లేదు, స్నేహితులైన ఏడుగురికి ఉంది. విద్యార్థులకు ఇది అన్యాయంగా తోస్తుంది. కౌన్సిల్ వాదన ఇది: గదుల లెక్కన వచ్చే అద్దె మొత్తం ఇంటి అద్దె కన్నా ఎక్కువ కాబట్టి వదిలేస్తే పిల్లలున్న కుటుంబానికి పేటలో ఇల్లే మిగలదు. విద్యార్థి వాదన ఇది: లండన్‌లో నాకు అందేది ఇంట్లో ఒక గదే, దాన్నీ అరుదు చేస్తే అద్దె పెరిగేది నాకే. రెండూ నిజాలే. మంచి నియమమైనా తనిఖీ లేకపోతే గదులు చాటుకు పోతాయి, అక్కడ నలిగేది అద్దెకున్నవాళ్లే.

ఆ నలుగుడు ఎలా ఉంటుందో వీధి గది చెబుతుంది. ఈ ఇళ్లలో ముందు గది కప్పు నడిమధ్యన సున్నంతో పోతపోసిన గుండ్రటి పువ్వు ఉంటుంది. దీపం వేలాడదీసే చోటు అది. గదిని రెండు చేయడానికి పలక గోడ నిలిపితే ఆ పువ్వు సగానికి తెగుతుంది. అరపువ్వు ఒక అద్దెదారుకి, అరపువ్వు ఇంకొకరికి. వీధి కిటికీ ఒక్కటే కాబట్టి వెలుతురు ఒకరికే. ఇల్లు జాబితాలో ఉంటే అనుమతి లేకుండా ఆ పువ్వును కోయడం నేరం. లేకపోతే ఆ పువ్వును అడిగేవారు లేరు, గది కొలత సరిపోయిందా లేదా అన్నదే ప్రశ్న.

పర్యాటకులకు రోజువారీ అద్దెకివ్వడం ఇంకో వాడకం. లండన్‌లో అనుమతి లేకుండా ఏడాదికి 90 రాత్రులకు మించి ఇవ్వకూడదు.

విడగొట్టడం గురించి చట్టం మాట్లాడింది, కలపడం గురించి మాట్లాడలేదు

ఒక ఇంటిని రెండు వాటాలు చేస్తే అది వాడకం మార్పే అని 1990 ప్లానింగ్ చట్టం స్పష్టంగా చెప్పింది. రెండు వాటాల్ని కలిపి ఒక ఇల్లు చేస్తే? చట్టంలో మాట లేదు. చాలాకాలం ఇది పెద్ద సమస్య కాలేదు. డబ్బున్నవాళ్లు వాటాలన్నీ కొని మళ్లీ ఒకే ఇల్లుగా మార్చుకోవడం పెరిగాక అయింది. బయట నుంచి చూస్తే ఇది ఇంటికి పూర్వ వైభవం. మెట్ల మలుపుల్లో బిగించిన తలుపులు పోతాయి, చీలిన హాలు ఒకటవుతుంది. వారసత్వం కోరేవారికి ఇంతకంటే ఏం కావాలి? కానీ నాలుగు కుటుంబాలున్న చోట ఒక్కటే మిగులుతుంది.

దీనికి ఉత్తర లండన్‌లోని కామ్డెన్ కౌన్సిల్ పెట్టుకున్న విధానం లెక్కలా ఉంటుంది. రెండు లేదా అంతకంటే ఎక్కువ నివాసాలు తగ్గిపోయే మార్పును అది అడ్డుకుంటుంది. రెండు వాటాలు కలిపి ఒకటి చేస్తే తగ్గేది ఒకటే, దారి ఉంది. మూడు కలిపి ఒకటి చేస్తే తగ్గేవి రెండు, కష్టం. పెరుగుతున్న కుటుంబానికి పై వాటా కలుపుకునే వెసులుబాటు ఇస్తూనే, మొత్తం ఇంటిని ఒక్కరు మింగేయకుండా ఆపడం దీని ఉద్దేశం.

ఇక్కడే గోడ చట్టం, వాడకం చట్టం ఎదురెదురుగా నిలబడతాయి. ఇంటిని పూర్వ రూపానికి తేవడం వీధికి మేలు కావచ్చు, ఊరికి కీడు కావచ్చు.

కింగ్ హెన్రీస్ రోడ్, పదో నంబరు

అంబేడ్కర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతూ 1921-22లో కామ్డెన్ పరిధిలోని 10 కింగ్ హెన్రీస్ రోడ్‌లో అద్దెకున్నారు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఇంటిని 30 లక్షల పౌండ్లకు పైగా పెట్టి కొన్నది. అదే ఏడాది నవంబరులో ప్రధాని మోదీ దాన్ని స్మారకంగా ప్రారంభించారు. నివాసాన్ని మ్యూజియం చేయడానికి కావలసిన అనుమతి మాత్రం అప్పటికి లేదు. తర్వాత పెట్టిన దరఖాస్తును 2018లో కామ్డెన్ తిరస్కరించింది. 2019లో అప్పీలుపై బహిరంగ విచారణ జరిగింది. 2020 మార్చిలో బ్రిటన్ గృహనిర్మాణ మంత్రి అనుమతి ఇచ్చారు.

ఇక్కడి చర్చల్లో దీన్ని అంబేడ్కర్‌కు గౌరవం ఇవ్వడం, ఇవ్వకపోవడంగానే చూశారు. ఆ వేదన అర్థం చేసుకోదగ్గది. అంటరానివాడని సొంత దేశంలో ఇల్లు అద్దెకు దొరకని మనిషి ఆయన. 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చి బరోడా కొలువుకు వెళితే తల దాచుకున్న పార్సీ సత్రం నుంచి కూడా వెళ్లగొట్టారు. అలాంటి మనిషికి లండన్‌లో గది దొరికిన ఇల్లు ఇది. దాన్ని "నివాస విస్తీర్ణం" అనే లెక్కగా చూస్తే మనసు ఒప్పదు.

కౌన్సిల్ వైపు నుంచి చూస్తే ఆ కాగితం మీద ఉన్న ప్రశ్న అంబేడ్కర్ గొప్పవాడా కాదా అన్నది కాదు. ఇళ్ల కొరత ఉన్న పేటలో ఒక నివాసం శాశ్వతంగా పోవచ్చా? జనం వచ్చిపోతుంటే గోడ పక్కన కాపురముండేవారి సంగతేమిటి? ఉమ్మడి గోడ ఉన్న ఇంట్లో రెండో ప్రశ్న చిన్నదేమీ కాదు. బస్సుల్లో సందర్శకులు వస్తున్నారని, చప్పుడు పెరిగిందని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు. ఇంకొకరు ఇలాగే ఇల్లు కొని ముందు తెరిచి తర్వాత అడిగితే ఏం చెప్పాలన్న ఆలోచనా సహజమే.

వరసిల్లు మ్యూజియం కావడం లండన్‌కు కొత్త కాదు. కెన్సింగ్టన్‌లోని 18 స్టాఫర్డ్ టెర్రస్ ఒక కార్టూనిస్టు ఇల్లు. 1875 నుంచి ఆ కుటుంబం సామాను చెక్కుచెదరకుండా ఉంచింది, 1980లో సందర్శకులకు తెరిచారు. అక్కడ విలువ గోడ కాగితాల్లో, కుర్చీల్లో, దీపాల్లో ఉంది. పదో నంబరు విలువ వస్తువుల్లో లేదు. రోజంతా గ్రంథాలయాల్లో గడిపి, రాత్రి తిరిగొచ్చి చదువుకున్న మనిషిలో ఉంది. గోడను, సామానును కొలవడానికి అలవాటుపడిన వారసత్వ విధానానికి ఇలాంటి విలువను తూచడం కష్టం.

నా మటుకు మంత్రి నిర్ణయం సరైనదే. లక్షల ఇళ్లున్న ఊళ్లో ఒక్క నివాసం తగ్గడం కన్నా, ఆ తలుపు అందరికీ తెరుచుకోవడం పెద్ద మేలు. అనుమతి ముందే అడిగి ఉంటే ఇంత చేదు మిగిలేది కాదనీ అంతే గట్టిగా అనిపిస్తుంది. ఇంకో మాట. అంబేడ్కర్ ఉన్నప్పుడు ఆ ఇల్లు ఒకే కుటుంబం కాపురమున్న ఇల్లు కాదు, పరాయివాళ్లకు గదులిచ్చిన ఇల్లు. ఈ రోజు ఈస్ట్‌హామ్‌లో లెక్కలు కట్టి, కొలతలు తీసి చూస్తున్నది ఆ వాడకాన్నే.

గాంధీ ఉన్న బేరన్స్ కోర్ట్ రోడ్ ఇంటికి నీలి ఫలకం ఉంది. నెహ్రూ విద్యార్థిగా ఉన్న 60 ఎల్గిన్ క్రెసెంట్‌కూ ఉంది. అక్కడికి వెళ్లినవాళ్లు కాలిబాట మీద నిలబడి ఫొటో తీసుకుని వెనక్కి వస్తారు. పదో నంబరు దగ్గర మెట్లెక్కి లోపలికి వెళ్లొచ్చు.